పనికీ పట్టాకూ నడుమ అప్రెంటిస్ విద్యార్థి

వారానికి ఉన్నవి 168 గంటలు. అందులో 48 గంటలు కర్మాగారానికి పోతాయి. బస నుంచి గేటు వరకు రాకపోకలకు రోజుకు రెండు గంటల చొప్పున ఆరు రోజులకు 12 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర అనుకుంటే 49 గంటలు. వంట, భోజనం, స్నానం, బట్టలు ఉతుక్కోవడం వంటి వాటికి రోజుకు మూడు గంటలు తీసివేస్తే మరో 21 గంటలు. మొత్తం 130. ఇక మిగిలేవి 38 గంటలు. కర్మాగారంలో పని నేర్చుకుంటూనే విశ్వవిద్యాలయ పట్టా కోసం చదివే యువకుడు గాని, యువతి గాని తన చదువంతటినీ ఈ 38 గంటలలోనే ఇముడ్చుకోవలసి ఉంటుంది.

కాగితం మీద ఇది తక్కువ సమయంగా కనిపించదు. కాని ఈ గంటలన్నీ ఒకచోట దొరకవు. షిఫ్టు దిగి వచ్చిన తరువాత అరగంట, బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు ఇరవై నిమిషాలు, ఆదివారం బట్టలు ఆరవేసిన పిమ్మట ఒక పూట, ఇలా ముక్కలు ముక్కలుగా చేతికి వస్తాయి. ఉష్ణగతికశాస్త్రంలో ఒక లెక్క అర్థం కావాలంటే కనీసం గంటన్నర కదలకుండా కూర్చోవాలి. అరగంటలు మూడు కలిపితే గంటన్నర అవుతుందన్నది అంకగణితంలో నిజమే. చదువులో మాత్రం అది నిజం కాదు. మొదటి అరగంటలో అందుకున్న దారం రెండో అరగంటకు జారిపోతుంది.

ఇటువంటి విద్యార్థుల గురించి ప్రసంగించేవారు పట్టుదల, క్రమశిక్షణ అనే మాటలతో మొదలుపెట్టి వాటితోనే ముగించడం పరిపాటి. ఆ గుణాలు అవసరమే. అయితే ఎంతటి పట్టుదల అయినా 38 గంటలను 50 గంటలుగా చేయజాలదు. ప్రధానంగా తేలవలసిన విషయం వేరొకటి ఉంది. చదువుకు వెచ్చించిన గంటను పని కింద లెక్కిస్తారా? పనిలో గడిపిన గంటను చదువు కింద లెక్కిస్తారా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టే అప్రెంటిస్ విద్యార్థి నిలదొక్కుకోవడమో, నడుమ మానివేయడమో జరుగుతుంది.

శిష్యరికం నుంచి చట్టం వరకు

మన దేశానికి శిష్యరికం కొత్త కాదు. వడ్రంగి కొడుకు తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నాడు. ఉస్తాదు దగ్గర చేరిన కుర్రవాడు కొన్నేళ్లపాటు ఊడవడం, నీళ్లు పట్టడం చేశాకనే పనిముట్టు ముట్టుకున్నాడు. ఆ పద్ధతిలో పని వేరు, చదువు వేరు అన్న విభజన లేదు. అసలు చదువన్నదే లేదు. రైళ్లు, యంత్రాలు వచ్చిన పిమ్మట చేతికి తెలిసినది మాత్రమే సరిపోలేదు. బీహార్‌లోని జమాల్‌పూర్‌లో 1862లో రైల్వే వర్క్‌షాపు నెలకొన్నది. దానికి అనుబంధంగా 1888లో సాంకేతిక పాఠశాల వెలసింది. 1927 నుంచి అక్కడ స్పెషల్ క్లాస్ రైల్వే అప్రెంటిస్‌ల శిక్షణ మొదలయింది. ఇంటర్మీడియట్ చదివిన కుర్రవాళ్లు అఖిల భారత పోటీ పరీక్షలో నెగ్గి వచ్చి, వర్క్‌షాపులో చేతులకు నూనె పూసుకుంటూనే తరగతి గదిలో ఇంజనీరింగ్ సిద్ధాంతం నేర్చుకుని రైల్వే అధికారులయ్యారు. 2015 తరువాత ఈ నియామకాలు నిలిచిపోయాయి. పనీ చదువూ ఒకే ప్రాంగణంలో, ఒకే యాజమాన్యం కింద సాగడం జమాల్‌పూర్ పద్ధతికి ఉన్న పెద్ద సౌకర్యం. ఉదయం వర్క్‌షాపులో ఉన్నవాడు మధ్యాహ్నం తరగతికి ఎందుకు వెళ్లాడని అడిగేవారు అక్కడ లేరు. నేటి అప్రెంటిస్ విద్యార్థికి ఈ సౌకర్యం లేదు. అతనికి యజమాని ఒకరు, విశ్వవిద్యాలయం మరొకటి. ఒకరి క్యాలెండరు మరొకరికి తెలియదు.

స్వాతంత్ర్యానంతరం పార్లమెంటు 1961లో అప్రెంటిస్‌ల చట్టాన్ని ఆమోదించింది. మొదట ఇది ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియన్ వంటి వృత్తులలో చేరేవారికి ఉద్దేశించినది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు, 1986 సవరణతో ఇంటర్మీడియట్ స్థాయి వృత్తివిద్య చదివినవారు దీని పరిధిలోకి వచ్చారు. 2014 సవరణ ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడా తలుపు తెరిచింది.

ఈ చట్టం పదవ సెక్షన్‌లో ఒక చిన్న ఉపవిభాగం ఉంది. పెద్దగా ఎవరూ ప్రస్తావించరు గాని, ఈ విషయానికి అదే మూలకందం. వృత్తి అప్రెంటిస్ తన పనికి సంబంధించిన సిద్ధాంత తరగతులకు హాజరైన కాలాన్ని వేతనం చెల్లించే పనికాలంలో భాగంగానే పరిగణించాలని అది చెబుతుంది. అంటే తరగతికి వెళ్లిన గంటకు స్టైపెండ్ కోయరాదు, ఆ గంటను రాత్రి మరల పనిచేసి పూడ్చమనరాదు. చదువు పనిలో భాగమేనన్న సూత్రాన్ని 1961 నాటి శాసనకర్తలు ఇంత స్పష్టంగా రాసిపెట్టారు. ఈ రక్షణ వృత్తి అప్రెంటిస్‌లకు, వారి వృత్తికి సంబంధించిన బోధనకు మాత్రమే పరిమితం. విశ్వవిద్యాలయంలో బి.కాం. గాని, బి.ఎస్సీ. గాని చదివే అప్రెంటిస్ తన సెమిస్టరు తరగతులకు దీనిని చూపించి హక్కుగా అడగలేడు. అతనికి ఆ సౌలభ్యం కళాశాలకూ సంస్థకూ కుదిరిన ఒప్పందం నుంచే రావాలి.

చట్టంలోని మరి రెండు అంశాలు కూడా తెలిసి ఉండాలి. అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడని పద్దెనిమిదవ సెక్షన్ అంటుంది. కనుక సాధారణ కార్మిక చట్టాల అండ అతనికి పూర్తిగా లభించదు. భద్రత, ఆరోగ్యం, ప్రమాదం జరిగితే నష్టపరిహారం వంటి విషయాలలో మాత్రం చట్టం ప్రత్యేకంగా రక్షణ కల్పించింది. రెండవది పనిగంటలు. పూర్వం వీటిని ప్రభుత్వ నిబంధనలు నిర్ణయించేవి. 2014 సవరణ తరువాత, నిర్దేశిత శిక్షణ కాలానికి లోబడి, సంస్థ యజమానే నిర్ణయించవచ్చు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేనిదే ఓవర్‌టైము చేయించరాదన్న నియమం పదిహేనవ సెక్షన్‌లో ఉంది. ఆ సంగతి తెలియక, పై అధికారి అడిగితే కాదనలేక, పరీక్షల వారంలో కూడా రాత్రి పది వరకు ఉండిపోయే పిల్లలున్నారు.

ఇతర దేశాలలో

జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 1974లో స్టుట్‌గార్ట్, మన్‌హైమ్ నగరాలలో వృత్తి అకాడమీలు స్థాపించారు. బాష్, డైమ్లర్-బెంజ్ వంటి కంపెనీలు అందుకు చొరవ చూపాయి. అక్కడ విద్యార్థి సుమారు మూడు నెలలు తరగతిలో, మూడు నెలలు కంపెనీలో గడుపుతాడు. తరగతిలో ఉన్న నెలలకు కూడా కంపెనీ జీతమిస్తుంది. 2009లో ఈ అకాడమీలు విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందాయి. ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ 2015లో మొదలయింది. బోధన రుసుము విద్యార్థి చెల్లించనక్కరలేదు, జీతం వస్తుంది. పనిగంటలలో ఐదవ వంతు చదువుకు కేటాయించాలని తొలుత నియమం ఉండేది. 2022 ఆగస్టు నుంచి దానిని వారానికి కనీసం 6 గంటలుగా మార్చారు, 2025లో ఆ లెక్క మరల మారింది.

ఈ రెండు పద్ధతులకూ వాటి వాటి చిక్కులున్నాయి. వారానికి ఒక రోజు విశ్వవిద్యాలయానికి వెళ్లివచ్చేవాడికి ఆ రోజు పని తప్పదు, మిగిలిన నాలుగు రోజుల మీద పడుతుంది. ఐదు రోజుల పనిని నాలుగు రోజులలో చేయవలసి వస్తే ఆ సెలవు పేరుకు మాత్రమే సెలవు. మూడేసి నెలలు మార్చి మార్చి చదివేవాడు కంపెనీలో ఉన్నన్నాళ్లూ గణితం మరచిపోతాడు, తరగతిలో ఉన్నన్నాళ్లూ యంత్రం మీద చేయి తప్పుతుంది. అయినప్పటికీ రెండు పద్ధతులలోనూ చదువుకు కొంత సమయం పనికాలం నుంచే తీసి ఇవ్వాలన్న అంగీకారం ఉంది. గమనించవలసినది దానినే.

ఒకే గంటకు రెండు లెక్కలు

మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం వచ్చిన సంవత్సరమే విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం డిగ్రీ కోర్సులలో అప్రెంటిస్‌షిప్‌ను చేర్చడానికి మార్గదర్శక సూత్రాలు విడుదల చేసింది. కనీసం ఒక సెమిస్టరు పని స్థలంలో గడపాలని, దానికి క్రెడిట్లు ఇవ్వాలని అవి నిర్దేశించాయి. 2025లో వీటికి కొత్త రూపం వచ్చింది.

క్రెడిట్ అంటే ఏమిటో తెలిస్తే తక్కిన సంగతి సులభంగా బోధపడుతుంది. 2023లో ప్రకటించిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం విద్యా సంవత్సరానికి 40 క్రెడిట్లు, 1,200 గంటల అభ్యసనం. అంటే ఒక్కొక్క క్రెడిట్‌కు 30 గంటలు. తరగతి, ప్రయోగశాల, ఇంటి దగ్గర చదువు, పరీక్షలకు తయారీ అన్నీ ఇందులోకే వస్తాయి. ఒక సెమిస్టరుకు 20 క్రెడిట్లు, 600 గంటలు. సెమిస్టరు 20 వారాలు సాగుతుందనుకున్నా వారానికి 30 గంటలు కావాలి.

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. విద్యార్థి చేతిలో ఉన్నవి 38 గంటలు. 30 గంటలు చదువుకు పోతే మిగిలేవి 8. రోజుకు గంట కన్న కొద్దిగా ఎక్కువ. జ్వరం వచ్చినా, ఇంటి నుంచి ఎవరైనా వచ్చినా, బస్సు తప్పినా, స్నేహితుని పెండ్లికి వెళ్లినా ఆ గంటలోనే. ఎవరైనా కొన్ని నెలలు ఇలా నెట్టుకురావచ్చు. రెండు మూడు సంవత్సరాలు నెట్టుకురావడం కష్టం. అటువంటివారు చదువులో వెనుకబడితే దానిని సోమరితనమని అనడం అన్యాయం.

అదే, 20 క్రెడిట్లలో 8 క్రెడిట్లు కర్మాగారంలో చేసే పనికే వస్తాయనుకుందాం. అప్పుడు పుస్తకాల చదువుకు మిగిలేవి 12 క్రెడిట్లు, 360 గంటలు. వారానికి 18 గంటలు. రాత్రి భోజనమైన తరువాత రెండేసి గంటలు, ఆదివారం ఆరు గంటలు కూర్చుంటే సరిపోతుంది. మనిషి మనిషిగా బతకడానికి వీలున్న లెక్క ఇది. లేత్ యంత్రం ముందు గడిపిన గంట స్టైపెండ్ పట్టీలోనూ నమోదవుతుంది, మార్కుల పట్టికలోనూ నమోదవుతుంది. అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ అన్న భావనకు ప్రాణం ఇక్కడే ఉంది.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. ఉత్పత్తి నాణ్యత పరీక్షించడం నేర్పుతామని పిలిచిన సంస్థ, కుర్రవాణ్ణి గోదాములో అట్టపెట్టెలు లెక్కించడానికి నిలబెడితే ఆ గంట పని కింద లెక్కకు వచ్చినా చదువు కింద రాదు. రాకపోయినా కళాశాల క్రెడిట్ ఇచ్చివేస్తే లెక్క కుదురుతుంది గాని చదువు కుదరదు. పట్టా పుచ్చుకున్న నాడు ఆ విద్యార్థికి తాను ఏమి నేర్చుకున్నాడో చెప్పుకోవడానికి మాటలుండవు. కళాశాల నుంచి ఒక అధ్యాపకుడు, సంస్థ నుంచి ఒక అనుభవజ్ఞుడు కలసి, ఏ నెలలో ఏ పని నేర్పాలో ముందే రాసుకుని, నెలకొకసారైనా విద్యార్థితో కూర్చుని చూడకపోతే ఈ జారుడు తప్పదు. ఆ అధ్యాపకుడికి తక్కిన బోధనాభారం తగ్గించకుండా ఈ పని అప్పగించడం మన కళాశాలలలో సర్వసాధారణం. ఫలితం ఊహించడం కష్టం కాదు.

ఊరు కాని ఊరిలో

విజయనగరం జిల్లా నుంచి ఒక అమ్మాయి పూణె దగ్గర మోటారు విడిభాగాల కర్మాగారానికి అప్రెంటిస్‌గా వెళ్లిందనుకుందాం. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఫోర్‌మన్ మరాఠీలో మాట్లాడతాడు, అర్థం కాలేదంటే హిందీలోకి మారతాడు. పక్క బల్ల మీద పనిచేసేవాడు ఒడియా మాట్లాడతాడు. ఆమె మాత్రం లెక్కను తెలుగులోనే మనసులో కట్టుకుంటుంది. మొదటి రెండు నెలలు పని కన్నా, చదువు కన్నా ఎక్కువ అలసట కలిగించేది ఈ భాషల మధ్య ప్రయాణమే. ఈ అలసటను ఏ గంటల పట్టికా లెక్కకట్టదు.

కొంత ఊరట కూడా లేకపోలేదు. తెలుగు మెకానిక్ 'పానా' అంటే మరాఠీ మెకానిక్‌కూ, హిందీ మెకానిక్‌కూ అర్థమవుతుంది. మనం ఆకురాయి అన్నదానిని హిందీలో రేతీ అంటారని ఒక్కసారి వింటే చాలు, మరచిపోదు. వస్తువు చేతిలో ఉన్నప్పుడు మాట త్వరగా అబ్బుతుంది. అటువంటి విద్యార్థి చేయదగిన మంచి పని ఏమంటే, ఒక చిన్న పుస్తకంలో ప్రతి పనిముట్టు పేరును పుస్తకంలోని మాటతోపాటు వర్క్‌షాపు మాటతో కూడా రాసుకోవడం. అది భాషకూ పనికివస్తుంది, పరీక్షకూ పనికివస్తుంది. ఇంటికి దూరంగా ఉన్న ఆడపిల్లలకు బస, రాత్రి ప్రయాణం అనే మరి రెండు సమస్యలున్నాయి. గేటుకు దగ్గరలో సురక్షితమైన వసతిగృహం ఉంటే రోజుకు రెండు గంటల ప్రయాణం మిగులుతుంది. ఆ మిగులు వారానికి 12 గంటలు. ఏ ఉపకార వేతనమూ ఇవ్వలేని కానుక అది.

చేయగలిగినవి

పద్ధతి ఎంత చక్కగా ఉన్నా విద్యార్థి తన వంతు చేసుకోవలసినవి కొన్ని ఉంటాయి. అనుభవం మీద నిలిచినవి రెండు మూడు మాత్రమే ఇక్కడ చెప్పుకోవచ్చు.

సెమిస్టరు మొదలైన వారంలోనే విశ్వవిద్యాలయ పరీక్షల తేదీలను షిఫ్టుల పట్టికతో పక్కపక్కన పెట్టి చూడాలి. రాత్రి షిఫ్టు వారం మీద పరీక్ష పడితే ఆ సంగతి ఫోర్‌మన్‌కు రెండు నెలల ముందు చెప్పాలి. ముందుగా అడిగితే షిఫ్టు మార్చడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. పరీక్షకు రెండు రోజుల ముందు అడిగితే ఎంతటి మంచి ఫోర్‌మన్ అయినా నిస్సహాయుడే. చాలామంది పిల్లలు మొహమాటం వల్ల ఆఖరి వరకు నోరు విప్పరు.

రోజూ చేసిన పనిని ఆ సాయంత్రమే పది నిమిషాలు రాసిపెట్టుకోవడం రెండవది. ఏ యంత్రం, ఏ కొలత, ఎక్కడ తప్పింది, ఎవరు సరిచేశారు అన్నవి చాలు. నెలాఖరున కూర్చుని రాస్తే అది కల్పన అవుతుంది. రోజూ రాసినదే తరువాత ప్రాజెక్టు నివేదికకు ముడిసరుకు. డైలో వచ్చిన చిన్న లోపం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలన్న కుతూహలమే లోహశాస్త్రం పుస్తకం తెరిపిస్తుంది. అటువంటప్పుడు అరగంట కూడా వ్యర్థం కాదు, ఎందుకంటే దారం పగటి పూటే చేతికి వచ్చి ఉంటుంది.

ఇక నిద్ర. రాత్రి షిఫ్టు దిగి తరగతికి వెళ్లడాన్ని వీరత్వంగా చెప్పుకునేవారున్నారు. నిద్రమత్తులో తిరిగే యంత్రం దగ్గర నిలబడేవాడు తన వేళ్లను పణంగా పెడుతున్నాడు. పైన చూపిన పట్టికలో 49 గంటలను ముట్టుకోకుండా మిగిలినవి సర్దుకోవడమే సబబు.

పూర్వతరం వారిలో కార్మికులుగా, డ్రాఫ్ట్స్‌మెన్‌గా పనిచేస్తూ ఇంజనీర్లైనవారు ఉన్నారు. 1920లో ఏర్పడిన ఇంజనీర్ల సంస్థ జరిపే ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షలకు వారు రాత్రిళ్లు స్వయంగా చదువుకున్నారు. తరగతి లేదు, అధ్యాపకుడు లేడు, ఒక్కొక్క పేపరు చొప్పున ఏళ్ల తరబడి రాశారు. 2013 మే 31 వరకు నమోదైనవారికి ఆ అర్హత డిగ్రీతో సమానంగా గుర్తింపు పొందింది. హైదరాబాదులో 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు కూడా ఉద్యోగం మానుకోలేనివారే ప్రధానంగా దృష్టిలో ఉన్నారు. బిట్స్ పిలానీ 1979 నుంచి ఉద్యోగస్థులకు పనితో జోడించిన కోర్సులు నడుపుతున్నది. ఈ మార్గాలన్నిటిలోనూ పట్టుదల గలవారు గట్టెక్కారు. గట్టెక్కనివారి లెక్క ఎవరూ రాయలేదు. రాసి ఉంటే, వారు ఓడిపోయినది తెలివి చాలకనో, గంటలు చాలకనో తేలి ఉండేది.

సంతకానికి ముందు

అప్రెంటిస్‌గా చేరేవారు సంస్థతో ఒప్పందం మీద సంతకం చేయాలి. వయస్సు చాలని వారి పక్షాన తల్లిదండ్రులో, సంరక్షకులో చేస్తారు. పట్టభద్రులకు, డిప్లొమావారికి సంబంధించిన వ్యవహారాలను చూడటానికి దేశంలో నాలుగు ప్రాంతీయ బోర్డులున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డు పరిధిలోకి వస్తాయి. సాధారణంగా ఇంట్లోవారు ఈ కాగితంలో స్టైపెండ్ అంకె ఒక్కటే చూస్తారు. అది సహజం. 2019 నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. చేతికి వచ్చే మొత్తంలో, ఊరు కాని ఊరిలో గది అద్దె పోను ఎంత మిగులుతుందన్నది వారికి ముఖ్యమే.

కాని ఆ అంకె పక్కనే అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. వారంలో తరగతికి కేటాయించిన గంటలు పనిగంటలలో కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా? ఈ పనికి విశ్వవిద్యాలయం ఎన్ని క్రెడిట్లు ఇస్తున్నది, వాటిని నిర్ణయించేవారెవరు? పరీక్ష రాయడానికి వెళ్లిన రోజులకు స్టైపెండ్ కోస్తారా? చట్టం ప్రకారం అప్రెంటిస్‌కు లభించేవి ఆ సంస్థలో అమలులో ఉన్న సెలవులే. కనుక పూణెలో ఉన్న అమ్మాయి విజయనగరంలో మిగిలిపోయిన ఒక పేపరు రాయడానికి రానూపోనూ నాలుగు రోజులు అడిగితే, ఆ నాలుగు రోజులు ఏ పద్దు కింద రాస్తారన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి. రైలు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని అడిగే ప్రశ్న కాదు అది.